ముందు వరుస కుర్చీ

ఆబిడ్స్‌లోని ఆ చీరల దుకాణం మెట్లెక్కే ఆడవాళ్లలో సగం మంది ముందుగా అడిగే మాట, “రజని ఉన్నదా?” అని. లేదంటే మళ్లీ వస్తామని తిరిగి వెళ్లిపోయేవాళ్లు కూడా ఉండేవారు. పెళ్లైన కొత్తలో పనిలో చేరిన రజని, కింది అంతస్తులో తెల్లటి పరుపు మీద కూర్చుని, పట్టుచీరలు విప్పి చూపిస్తూనే నడివయసుకు వచ్చింది. కొనేవాళ్లు రెండు చీరల మధ్య ఎటూ తేల్చుకోలేక ఊగుతుంటే, ఆమె ఏమీ అనేది కాదు. ఒక చీర మీద చెయ్యి వేసి, వాళ్ల ముఖంలోకి చూసి నవ్వేది. ఆ నవ్వుతో బేరం కుదిరిపోయేది. చీర అమ్మేది చెయ్యి కాదు, ముఖం అని పనిలో కొత్తగా చేరిన పిల్లలకు చెబుతుండేది.

ఆమె దగ్గర తప్ప వేరేవాళ్ల దగ్గర చీర కొనని వాళ్లలో విద్యావతి ఒకరు. నాంపల్లిలో సొంత నర్సింగ్ హోమ్ ఉన్న డాక్టర్ విజయేందర్ భార్య ఆమె. గొంతు, మెడ, ముఖం మీద వచ్చే గడ్డలకు ఆయన పెద్ద సర్జన్. ఒక రోజు రజని తన భుజం మీద చీర వేసుకుని కొంగు చూపిస్తుంటే, విద్యావతి చూపు కొంగు మీద నుంచి రజని కుడి చెవి కిందికి జారింది. అక్కడ ఉసిరికాయంత గడ్డ ఉంది.

ఎన్నాళ్ల సంది ఉన్నదని అడిగింది. ఏడాది పైనే అయిందని, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదని రజని చెప్పింది. ముఖం దగ్గర గడ్డలను అట్లా వదిలేయకూడదని విద్యావతి కోప్పడి, అక్కడే ఫోన్ తీసి భర్తతో మాట్లాడింది. మరుసటి సాయంత్రమే రజని, ఆమె భర్త కిషన్ నర్సింగ్ హోమ్‌కు వెళ్లారు. కిషన్ నాంపల్లిలోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో క్లర్కు. నెమ్మదైన మనిషి, డాక్టర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి.

పరీక్షలయ్యాక డాక్టర్, గడ్డ లాలాజలం ఊరే గ్రంథిలో ఉందనీ, ఇప్పటికైతే చెడ్డది కాదనీ, అట్లాగే ఉంచితే ఎప్పటికైనా చెడ్డదిగా మారొచ్చు కనుక తీసేయడమే మంచిదనీ చెప్పాడు. ముఖాన్ని కదిలించే నరం సరిగ్గా ఆ గ్రంథి లోపల నుంచే పోతుందని కూడా అన్నాడు. ఆ మాట పట్టుకుని కిషన్, ముఖానికి ఏమన్నా అవుతుందా అని భయంగా అడిగితే, డాక్టర్ నవ్వాడు.

“చేసేది నేను గద కిషన్. ఫికర్ చెయ్యకు.”

ఆపరేషన్ అయి మెలకువ వచ్చాక రజనికి ముందు కనిపించింది కిషన్ ముఖం. ఆయన ఆమెను చూసి కళ్లు తిప్పుకున్నాడు. అద్దం ఇమ్మంటే నర్సు తర్వాత ఇస్తానంది. రజని దిండు పక్కన ఉన్న ఫోన్ అందుకుని కెమెరాలో చూసుకుంది. ముఖం కుడి సగం తనది కానట్టు ఉంది. నుదుటి మీద ముడత లేదు. కన్ను తెరిచే ఉంది. మూతి ఎడమ పక్కకు పీకేసినట్టు పోయింది. ఏడవబోతే సగం ముఖమే ఏడ్చింది.

డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి, వంగి చూసి, వాపు వల్ల అట్లా ఉందన్నాడు. నరం బాగానే ఉందని, ఆరు నెలలు ఓపిక పడితే ముఖం మునుపటిలా అవుతుందని చెప్పాడు. గడ్డ పరీక్షలో చెడ్డది కాదని తేలిందంటూ భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆరు నెలలు రజని ఆ మాట మీదే బతికింది. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని కుడి కనుబొమ్మను పైకెత్తాలని చూసేది. ముఖానికి కరెంటు పెట్టించుకోవడానికి బషీర్‌బాగ్ వెళ్లి వచ్చేది. రాత్రిళ్లు కంటి రెప్పను కిందికి లాగి ప్లాస్టర్ అంటించుకుని పడుకునేది. చాయ్ తాగితే పెదవి కొస నుంచి కారి జాకెట్టు మీద పడేది. అన్నింటికన్నా ఆమెకు అర్థం కాని విషయం ఒకటుంది. పుల్లటిదో కారంగా ఉన్నదో నోట్లో పెట్టుకుంటే చాలు, ఆపరేషన్ చేసిన చెంప మీద చెమట పట్టి ధార కట్టేది. చుట్టాలింట్లో భోజనానికి కూర్చుంటే, పక్కవాళ్లు ఆ చెమట వంక చూసి తమ విస్తట్లోకి తల దించుకునేవారు. ప్రతిసారీ డాక్టర్ వస్తది, వస్తది అనేవాడు. ఆమె నమ్మేది.

దుకాణంలో మాత్రం ఓపిక పట్టలేదు. సేటు చెడ్డవాడేం కాదు. కానీ పెళ్లి చీరల కోసం వచ్చిన ఒక ముసలామె, శుభమా అని వస్తే ఈ ముఖమేంటని వినబడేట్టే గొణిగింది. రజనికి మాట కూడా సరిగా వచ్చేది కాదు. పెదవులు మూతపడక, ‘పట్టు’ అనబోతే ‘ఫట్టు’ అని వచ్చేది. అమ్మకాల దగ్గర కూర్చున్న పిల్లలు నవ్వు ఆపుకునేవాళ్లు. కొన్నాళ్లకు సేటు ఆమెను పైఅంతస్తు గోడౌన్‌కు పంపాడు. మాస్కు పెట్టుకుని, కట్టలు విప్పి చీరలకు చీటీలు అంటించడం ఆమె పని. రజని ఎక్కడని అడిగిన వాళ్లకు, పని మానేసిందని కింద చెప్పేవారు.

మూతపడని కన్ను దుమ్ముకు పుండు పడింది. కంటి డాక్టర్ చూసి, ఆమెను బషీర్‌బాగ్‌లో ముఖం నరాలకు ఆపరేషన్లు చేసే డాక్టర్ స్నేహ దగ్గరికి పంపాడు. స్నేహ వయసులో చిన్నది, తక్కువ మాట్లాడే మనిషి. పరీక్షలు చేసి, కనురెప్పలో సన్నటి బరువు పెడితే కన్ను సగమన్నా మూతపడుతుందని, అదే మత్తులో పాత కోత తెరిచి నరం సంగతి కూడా చూస్తానని చెప్పింది. ఆపరేషన్ అయిన మరునాడు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మీ నరం తెగింది రజని గారూ. మొదలు దగ్గరే తెగింది. కొసకు దారం ముడి కూడా ఉన్నది.”

అప్పుడే గుర్తించి తెగిన కొసలు కలిపి కుట్టి ఉంటే, లేదా కనీసం మొదటి కొన్ని వారాల్లో చేసి ఉంటే, మునుపటిలా కాకపోయినా కన్ను మూసుకునేదనీ, పెదవి కదిలేదనీ స్నేహ చెప్పింది. ఇప్పుడు ముఖం కండలు ఎండిపోయాయి. ఇంక ఆ నరం కలిపినా లాభం లేదు. తినేటప్పుడు చెంపకు పట్టే చెమట మాత్రం ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి ఉండేదేనని, అది ముందే చెప్పాల్సిందని అంది.

 రజని ఒక్క ప్రశ్న అడిగింది. తెగిన సంగతి ఆయనకు తెలియకుండా ఉండే అవకాశం ఉందా అని.  రక్తం కారుతుంటే రక్తనాళమనుకుని ముడి వేసి ఉండొచ్చు, అలాంటి పొరపాటు ఎవరి చేతిలోనైనా జరగొచ్చు అంది స్నేహ. “కానీ మీకు మెలకువ వచ్చినంక మీ మొకం చూసిన ఏ సర్జన్‌కైనా అర్థమైతది” అంది.

ఆ రోజు నుంచి రజనిలో ఏడుపు ఆగిపోయింది. దాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. అది ఆమెతో పాటే లేచేది, ఆమెతో పాటే తినేది. గోడౌన్‌లో చీటీలు అంటిస్తూ ఆమె విజయేందర్ చేతులను తలుచుకునేది. ఆ చేతులు పనికిరాకుండా పోవాలని కోరుకునేది. ఆయన కూతురి ముఖం ఇట్లా అయితే ఏం చేస్తాడో ఊహించుకుని, ఆ ఊహ ఎంత దూరం పోతుందో చూసి తనకే భయం వేసి ఆపేసేది. మరునాడు మళ్లీ మొదలుపెట్టేది.

ఒక సాయంత్రం ఒంటరిగా ఆయన గదిలోకి వెళ్లి, మాస్కు తీసి ఎదురుగా కూర్చుంది.

“నరం తెగిందట గద, డాక్టర్ సాబ్.”

ఎవరు చెప్పారని అడిగాడు. తెరిచి చూసినామె చెప్పిందని అంది. విజయేందర్ లేచి గది తలుపు మూసి వచ్చాడు. కూర్చున్నాక, బల్ల మీద ఉన్న పెన్నును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపాడు.

“రక్తం మస్తు వచ్చింది. రక్తనాళమనుకొని ముడేసి కోసిన. కోసినంక తెలిసింది అది నరమని.”

“తెలిసినంక?”

ఆయన పెన్నును మళ్లీ మొదటి పక్కకు జరిపాడు.

“తెలిసినంక గప్పుడే కలపొచ్చు గద.”

“నా చెయ్యి ఆడలే రజనీ. ముప్పై ఏండ్లల్ల ఎన్నడు గట్ల కాలే. తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారితే నువ్వు నా మొకంలకు చూసి ఎప్పుడు తగ్గుతదని అడిగినవ్. వాపు అని నోట్లకెల్లి వచ్చేసింది. ఒకసారి అన్నంక ఇగ దాన్నే పట్టుకున్న.”

అది నిజమేనని రజనికి తెలిసింది. నిజం కావడం వల్ల ఆమె కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇంత చిన్న భయానికి తన ముఖం పోయింది. బయట హాల్లో కూర్చున్న రోగుల ముందు ఇదే మాట చెప్పమంది. ఆయన చేతులు జోడించాడు. ఎక్కడికైనా తీసుకెళ్లి ఏ వైద్యమైనా చేయిస్తానన్నాడు.

“గదొక్కటి అడగకు. ముప్పై ఏండ్ల పేరు.”

“నా మొకం నలభై అయిదేండ్లది, సాబ్.”

తర్వాతి గురువారం సాయంత్రం, రోగులను చూసే వేళకు రజని నర్సింగ్ హోమ్‌కు వచ్చింది. తనకున్న చీరల్లో మంచిది, ముదురు ఎరుపు గద్వాల పట్టు కట్టుకుంది. జడలో మల్లెపూలు పెట్టుకుంది. పెదవులకు రంగు వేసుకుంది, మూతి వంకర మరింత తెలిసేట్టు. మాస్కు ఇంట్లోనే వదిలేసింది. హాల్లో ముందు వరుసలో, డాక్టర్ గది తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

ఆమె అరవలేదు. ఎవరితోనూ తనంతట తాను మాట్లాడలేదు. అబద్ధం చెప్పకూడదని మాత్రం గట్టిగా అనుకుంది. మెడకు గుడ్డ చుట్టుకున్న వాళ్లు, చెంప ఉబ్బిన వాళ్లు, గొంతు ముందు గడ్డతో వచ్చిన ఆడవాళ్లు ఆమెను చూసేవారు. కాసేపటికి ఎవరో ఒకరు పక్కకు జరిగి, ఏమైందమ్మా అని అడిగేవారు.

“గీడనే ఆపరేషన్ అయ్యింది. డాక్టర్ సాబే చేసిండు. ఏం గాదన్నడు.”

అంతే చెప్పేది. మొదటి రోజే ఇద్దరు పేరు పిలవక ముందే లేచి వెళ్లిపోయారు. వాళ్లు మెట్లు దిగుతున్న చప్పుడు వింటుంటే రజనికి లోపలి మంట కాస్త చల్లబడ్డట్టయింది. ఇంటికి వెళ్తూ మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి సీతాఫలం ఐస్‌క్రీమ్ తింది. పెదవి కొస నుంచి కారుతున్నా, చూసేవాళ్లను చూడనిచ్చి, గిన్నె అడుగంటా తింది.

ఆ తర్వాత వారం వారం వెళ్లింది. కాంపౌండర్ బతిమాలాడు, వాచ్‌మన్ గదమాయించాడు. తాను కూడా ఈ దవాఖాన రోగినేనని, బిల్లు కట్టిన మనిషినని చెప్పి కదలలేదు. విజయేందర్ కొన్నాళ్లు తల పక్కకు తిప్పుకుని హాల్లోంచి నడిచాడు. తర్వాత వెనక మెట్ల మీదుగా రావడం మొదలుపెట్టాడు. ఆ సంగతి తెలిసిన రోజు రజని ఇంట్లో అద్దం ముందు నిలబడి చాలాసేపు నవ్వింది. సగం నవ్వే అయినా అది తనదే.

కిషన్‌కు ఇదంతా నచ్చలేదు. వకీలును పెట్టుకుందామని, కోర్టుకు పోదామని అన్నాడు. రజని వినలేదు.

“కోర్టు పైసలిప్పిస్తది. నాకు ఆయన పైసలొద్దు. ఆయన నిద్ర గావాలె.”

అట్లాంటి ఒక గురువారం ఆమె పక్కన వచ్చి కూర్చున్న మనిషి భాగ్య. ముప్పై ఏళ్ల లోపే ఉంటుంది, బషీర్‌బాగ్‌లో ఏదో ఆఫీసు ఊడ్చి తుడిచే పని. వెంట తండ్రి రాజమల్లు ఉన్నాడు, కాచిగూడలో ఒక లాడ్జికి వాచ్‌మన్. భాగ్య గొంతు కింద థైరాయిడ్ గడ్డ ఉంది. అందులో కేన్సరుందని, తొందరగా తీసేయాలని డాక్టర్ చెప్పాడట. ఆమె రజని ముఖం వంక చూసి, కొంగుతో తన గొంతు కప్పుకుంది.

“నాకు గూడ గిట్లనే అయితదా అక్కా?”

రజనికి తెలుసు. భాగ్య గడ్డ వేరు, ఆ చోటు వేరు, అక్కడ ముఖం నరమే లేదు. స్నేహ దగ్గర అన్నేసి గంటలు కూర్చుని ఆ మాత్రం నేర్చుకుంది. కానీ అప్పుడే తలుపు తెరుచుకుని లోపల విజయేందర్ కనిపించాడు. ఆమె ఆయన వంక చూస్తూనే జవాబు చెప్పింది.

“నాకైతే ఏం గాదన్నడు చెల్లె. సూస్తున్నవ్ గద.”

భాగ్య తండ్రి చెయ్యి పట్టుకుని లేచింది. మళ్లీ ఆ హాల్లో కనిపించలేదు.

నెల దాటాక విజయేందర్ తానే హాల్లోకి వచ్చి, రజనిని లోపలికి పిలిచాడు. ఆయన మనిషి తగ్గాడు, కళ్ల కింద నల్లబడింది. రజని అది చూసి సంతోషించింది. కూర్చోమని కూడా అనకుండా ఆయన భాగ్య గురించి చెప్పాడు. ఆపరేషన్ వద్దని పోయి, ఎవడో పసరు కడితే కట్టించుకుంటోందట. ఎన్నిసార్లు ఫోన్ చేసినా తండ్రి ఎత్తడం లేదట.

“నీ పగ నా మీద. ఆ పిల్ల నీకేం చేసింది?”

రజని బయటికి వచ్చేసింది. రోడ్డు మీద నిలబడి ఆటోల వంక చూస్తూ, ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించింది. నువ్వు దాచకపోతే నేను వచ్చి కూర్చునేదాన్నా అని మనసులో అడిగింది. ఆ మాట నిజమే. అయినా భాగ్య కొంగుతో గొంతు కప్పుకోవడం కళ్ల ముందు నుంచి పోలేదు.

మరునాడు గోడౌన్‌కు వెళ్లకుండా కాచిగూడ వెళ్లింది. లాడ్జి పేరు తెలియదు కనుక స్టేషన్ వీధిలో ఒక్కొక్క లాడ్జి గుమ్మం ఎక్కి రాజమల్లును అడిగింది. చివరికి ఒక లాడ్జి వెనక, నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న గదిలో భాగ్య కనిపించింది. గొంతు చుట్టూ ఆకుపచ్చ పసరుతో గుడ్డ కట్టి ఉంది. గొంతు బొంగురుపోయింది.

“ఆపరేషన్ చేయించుకో భాగ్యా” అంది రజని, కూర్చుంటూనే.

“నువ్వే గద భయపెట్టినవ్.”

“భయపెట్టిన. నాకు ఆయన మీద కోపముండె, నీకు సగమే చెప్పిన. నాది తియ్యకున్నా బతుకుదునేమో. నీది తియ్యకుంటే బతకవ్.”

“మరి నీ మొకం?”

“కోసినందుకు నరం తెగింది. దాసినందుకు మొకం పోయింది. దాయని డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోత, రా.”

రాజమల్లు తలుపు దగ్గర నిలబడి రజని వంక చూస్తున్నాడు. ఆ చూపులో మర్యాద లేదు. అది తనకు దక్కాల్సిందేనని రజని అనుకుంది. చివరికి ఆయనే కూతురి గొంతు చుట్టూ ఉన్న గుడ్డ విప్పాడు.

గడ్డ ఉన్నది గొంతులోనే అయినా, అటువంటి ఆపరేషన్లు కూడా స్నేహే చేసేది. ఆమె భాగ్యను, రాజమల్లును ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం మీద గొంతు బొమ్మ గీసింది. మాటకు పనికొచ్చే నరాలు గడ్డ వెనక నుంచే పోతాయని, వాటికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుందని, తగలకుండా చూస్తానని, తగిలితే ఆ రోజే చెబుతానని అంది. కాల్షియం తగ్గి వేళ్లు తిమ్మిర్లెక్కొచ్చు, అప్పుడు ఏ మాత్ర వేసుకోవాలో ముందే చెప్పింది. అంతా విన్నాక భాగ్య సరే అంది.

పక్కన కూర్చుని వింటున్న రజనికి ఎడమ కంట్లోంచి నీళ్లు కారాయి. జాలి వల్ల కాదు. పావుగంట పట్టింది ఈ మాటలకు. తనకు ఎవరూ ఇవ్వనిది ఆ పావుగంటే. చల్లారిందనుకున్న పగ మళ్లీ భగ్గుమంది.

భాగ్య ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్ని వారాలు గొంతు గరగరలాడింది, వేళ్లు తిమ్మిర్లెక్కాయి. ముందే తెలుసు కనుక ఆమె బెదరలేదు. ఆ రోజుల్లో రజని ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ నర్సింగ్ హోమ్‌కు వెళ్లలేదు. పీడ పోయిందని విజయేందర్ మళ్లీ ముందు మెట్ల మీదుగా రావడం మొదలుపెట్టాడని కాంపౌండర్ కిషన్‌కు చెప్పాడు.

అప్పుడే ఒక మధ్యాహ్నం విద్యావతి దుకాణానికి వచ్చింది. చెల్లెలి కూతురి పెళ్లికి చీరలు కావాలి. రజని పని మానేసిందని కింద ఎప్పటిలాగే చెప్పారు. కానీ కొత్తగా చేరిన పిల్ల ఒకతి, మానలేదమ్మా, పైన ఉన్నదని నోరు జారింది. విద్యావతి ఆయాసపడుతూ గోడౌన్ మెట్లెక్కింది.

రజని ఆమెను చూసి లేచి నిలబడి, మాస్కు తీసింది.

విద్యావతి ఒక అడుగు వెనక్కి వేసింది. తేరుకున్నాక, నీకు పక్షవాతం వచ్చిందని మా ఆయన చెప్పాడు, ఊరెళ్లిపోయావన్నాడు అంది. రజని చీరల కట్ట ఒకటి తుడిచి, కూర్చోమని చూపించింది. తర్వాత మొదటి నుంచి అంతా చెప్పింది. గొంతు పెంచలేదు, తిట్టలేదు, ఒక్క మాట ఎక్కువ వాడలేదు. ప్రతి మాటా ఆ సాయంత్రం ఆమె ఇంటి గడప దాటి లోపలికి పోతుందని తెలిసే చెప్పింది.

“నేనే గద నిన్ను పంపిన” అంది విద్యావతి చివరికి.

అయ్యో, మీ తప్పేముందమ్మా అనడం ఎంతసేపు? ఆ మాట రజని నాలుక మీదికి వచ్చింది కూడా.

“ఔ అమ్మా. మీరే పంపిన్రు.”

విద్యావతి చీరలేమీ కొనకుండా, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ గురువారం రజని మళ్లీ ఎర్ర గద్వాల కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. హాలు నిండి ఉంది. కాసేపటికి వీధి తలుపు తోసుకుని విద్యావతి వచ్చింది. కాంపౌండర్ పరుగెత్తి లోపలికి రమ్మన్నాడు. ఆమె వినిపించుకోకుండా వచ్చి, రజని పక్క కుర్చీలో కూర్చుంది.  ఒళ్లో చేతులు పెట్టుకుని, భర్త గది తలుపు వంక చూస్తూ కూర్చుంది.

ఒక రోగి బయటికి వస్తూ తలుపు తెరిచాడు. లోపల నుంచి విజయేందర్ ఇద్దరినీ చూశాడు. తలుపు మళ్లీ మూసుకుంది. తర్వాత చాలాసేపు ఎవరినీ పిలవలేదు. హాల్లో జనం విసుక్కోవడం మొదలుపెట్టాక, ఆయన బయటికి వచ్చి రజని కుర్చీ పక్కన నిలబడ్డాడు.

“ఈమె పేరు రజని” అన్నాడు. హాలు వైపు తిరిగాడు. “ఈమె మొకం నా చేతుల్ల గిట్లయ్యింది. నరం తెగిందని ఆపరేషన్ నాడే నాకు తెల్సు. వాపు అని అబద్ధం చెప్పిన. గప్పుడే చెప్పి ఉంటే జర బాగయ్యేది. దాసిన.”

 రజని ఆయన ముఖంలోకి తలెత్తి చూసింది. ఆ ముఖంలో ఎక్కడెక్కడ ఏది వణుకుతోందో, చెమట ఏ దారిన కారుతోందో వదలకుండా చూసింది. ఇన్నాళ్లూ తన ముఖాన్ని జనం చూసినట్టే ఆమె ఆయన్ని చూసింది. ఆయన తల దించుకునే దాకా చూపు తిప్పలేదు.

కొంతమంది లేచి వెళ్లిపోయారు. వెనక వరుసలో మెడకు మఫ్లర్ చుట్టుకున్న ముసలామె ఒకతి మాత్రం, ఇప్పటికన్నా చెప్పిండు గద అంటూ కదలకుండా కూర్చుంది. ఆమెను చూసి ఇంకొందరు కూర్చుండిపోయారు. హాలు మొత్తం ఖాళీ అవుతుందని రజని ఎన్ని రాత్రులు ఊహించుకుందో. సగం హాలు అట్లాగే ఉంది. ఆ ముసలామె మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది.

బయటికి వచ్చాక, మెట్ల దగ్గర విద్యావతి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇగనన్న ఆయనను మాఫ్ చేస్తవా రజనీ?”

“చెయ్యనమ్మా.”

“ఎప్పటికీనా?”

“నా కన్ను మూసుకున్ననాడు అడుగుండ్రి.”

విద్యావతి చెయ్యి వదిలేసింది. ఆమె మళ్లీ ఆ దుకాణానికి రాలేదు.

రజని మాత్రం మరుసటి సోమవారం గోడౌన్ ఎక్కలేదు. సేటు ఇంకా రాకముందే కింది అంతస్తులో తన పాత చోట కూర్చుని, ముందున్న చీరలు సర్దుకుంది. సేటు వచ్చి చూసి, ఏదో అనబోయి, ఆమె కళ్లలోకి చూసి తన గల్లా దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమెను చూసి పక్క పరుపుకు జరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆమె కోసమే వచ్చేవాళ్లూ మళ్లీ ఒకరొకరుగా మొదలయ్యారు. వాళ్లలో భాగ్య ఒకతి. పని నుంచి ఇంటికి పోతూ, కొనేదేమీ లేకపోయినా కాసేపు కూర్చుని పోతుంది.

విజయేందర్ నర్సింగ్ హోమ్ మూతపడలేదు. ముఖం నరం దగ్గరి గడ్డలను ఆయన ఇప్పుడు స్నేహ దగ్గరికి పంపుతున్నాడట. మిగతా రోగులకు ప్రతి ఆపరేషన్ ముందూ కూర్చోబెట్టి అన్నీ చెబుతున్నాడట. కిషన్ ఈ సంగతి విని వచ్చి, మారిన మనిషిని ఇంకా ఏం చేస్తాం అన్నాడు. రజని అన్నం వడ్డిస్తూ, ఏమీ చెయ్యనక్కర లేదంది.

వానాకాలంలో ఒక సాయంత్రం నాంపల్లి రోడ్డు మీద ఆమెకు ఆయన ఎదురుపడ్డాడు. కారు ఎక్కడో ఇరుక్కుంటే దిగి నడుస్తున్నట్టున్నాడు. గొడుగు లేదు, తల తడిసిపోయి ఉంది. రజనిని చూసి ఆగి, చేతులు జోడించాడు. ఆమె కూడా ఆగింది. ఆయన చేతులు అట్లాగే ఉన్నాయి, వాన వాటి మీద పడుతోంది. రజని ఆ చేతుల వంక కాసేపు చూసింది. నమస్కారం అందుకోలేదు. తన గొడుగు కాస్త వెనక్కి వంచి, ముఖం పూర్తిగా కనబడనిచ్చి, ఆయన పక్క నుంచి నిదానంగా నడిచి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆమెకు మంచి నిద్ర పట్టింది.